రివాల్వర్ సాధన - 3వ పాఠం: వేలు ఒక్కటే కదలాలి

పట్టు కుదిరింది, సైట్లు (గురి చూడటానికి గొట్టం కొసన ఒకటి, వెనక ఒకటి ఉండే గుర్తులు) వరసలోకి వచ్చాయి. అయినా గుండ్లు గురికి కిందగా, ఎడమ పక్కన పడుతున్నాయా? కుడిచేతి వాటం వాళ్లకు మొదట్లో తరచూ జరిగేదే. తప్పు కంటిది కాదు. పేలుతుందని ముందే తెలిసిన చెయ్యి, హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) పడేలోపే బిగుసుకుని కిందికి వంగుతుంది.

లెక్క చూడండి. చిన్న రివాల్వర్‌కి రెండు సైట్ల మధ్య 10 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ముందు సైటు 1 మిల్లీమీటరు జరిగితే 10 మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు తప్పుతుంది.

తూటాలు ఎన్ని కాల్చినా ఈ అలవాటు పోదు, ఇంకా ముదురుతుంది. ఖాళీ రివాల్వర్‌తోనే వదిలించుకోవాలి. లైసెన్సు మీ పేరున ఉంటేనే మొదలుపెట్టండి. సిలిండర్ తెరిచి, తూటాలు పట్టే ఆరు గదులూ కంటితో చూడండి, వేలితో తడమండి. తూటాలు వేరే గదిలో, బీరువాలో తాళం వేసి ఉండాలి. నిలబడేది ఇటుక గోడకు ఎదురుగానే. కొబ్బరాకు దడి, రేకుల గోడ పనికిరావు. అవి గుండును ఆపలేవు.

గోడకు జానెడు దూరంలో గొట్టం పెట్టండి. గోడ మీద ఏ గుర్తూ వద్దు, చూపంతా ముందు సైటు మీదే. ఐదు లెక్కపెట్టేంత నిదానంగా ట్రిగ్గర్ నొక్కండి. హ్యామర్ పడ్డాక సైటు ఉన్నచోటే ఉందా? పదిహేనుసార్లు చాలు, అలసిన చెయ్యి తప్పే నేర్చుకుంటుంది. అయిపోయాక "సాధన అయిపోయింది" అని పైకి అని, దాచేయండి. తూటాలు నింపాక "ఇంకొక్కసారి" అని మళ్లీ తీయకండి. నాకు బాగా భయం వేసేది ఆ ఒక్కసారి గురించే.

తూటాతో కాల్చడం అనుమతి ఉన్న రేంజిలోనే, అంటే కాల్పుల సాధన స్థలంలోనే. మన డెల్టాలో గుండును ఆపడానికి కొండ లేదు, గుట్ట లేదు. చేలు దాటితే ఊరే. రొయ్యల చెరువులోకి కాలిస్తే ఏం పోతుందిలే అనుకోకండి. ఏటవాలుగా తగిలిన గుండు నీటి మీద నుంచి ఎగిరి అవతలి గట్టుకు పోతుంది.

రేంజిలో మా గురువుగారు ఒకసారి నాకు చెప్పకుండా నిజం తూటాల మధ్య రెండు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) పెట్టారు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు లేదు, కానీ నా గొట్టం కిందికి ఊగింది. అంతదాకా సైటుదే తప్పని వాదించాను. మీరూ రేంజిలో పక్కనున్నవారి చేత అలాగే నింపించుకోండి.

ఆత్మరక్షణ హక్కు ఎంతవరకన్నది భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. దానికి విడిగా పాఠం పెడతాను.

ఈ వారం రోజూ పదిహేను నొక్కుళ్లు. ప్రతిసారీ సైటు ఎటు కదిలిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. నాలుగో పాఠానికి ఆ పేజీ ముందు పెట్టుకోండి.