తుంటి లేబ్రమ్‌ రిపేర్‌: కుట్టు ఒక్కటే సరిపోదు

లేబ్రమ్‌ను (తొడ ఎముక తల కూర్చునే తుంటి గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తని పట్టీ) కుట్టేసి, అది చిరగడానికి కారణమైన ఎముక బొడిపెను అలాగే వదిలేస్తే కుట్టు మళ్లీ నలుగుతుంది. కాబట్టి చిరుగు కంటే ముందు ఎముకను చూడాలి. అలిపిరి దారిలో 3550 మెట్లెక్కి దిగాక గజ్జల్లో పట్టేసిందంటూ తిరుపతి ఓపీకి వచ్చే కుర్రవాళ్లకు ఎంఆర్‌ఐ కంటే ముందు పెల్విస్‌ ఎక్స్‌రే, డన్‌ వ్యూ (తొడ ఎముక మెడ కనిపించేలా తుంటిని మడిచి తీసే ఎక్స్‌రే) తీయించండి. కీలు సందు 2 మిల్లీమీటర్ల లోపుంటే అరుగుదల ముదిరినట్టే, కుట్టినా ఫలితం ఉండదు. సెంటర్‌ ఎడ్జ్‌ కోణం (గిన్నె తలను ఎంత కప్పిందో చెప్పే కొలత) 20 డిగ్రీల లోపుంటే గిన్నె చాలని తుంటి అది. దానికి ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌) ఒక్కటే చేస్తే ఉన్నది కూడా చెడుతుంది.

ట్రాక్షన్‌ టేబుల్‌ (కాలిని లాగి కీలు తెరిచే బల్ల) మీద తొడల మధ్య పోస్టుకు మందంగా ప్యాడ్‌ చుట్టండి. సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్‌ మధ్యలో చూసే ఎక్స్‌రే యంత్రం) కీలు 8 నుంచి 10 మిల్లీమీటర్లు తెరుచుకుంటే చాలు. లాగడం మొదలెట్టిన టైము బోర్డు మీద రాయించి 2 గంటలు దాటనివ్వకండి. మర్మాంగం దగ్గర తిమ్మిరి వచ్చిందంటే చాలాసార్లు కారణం ఈ పోస్టు ఒత్తిడే.

మొదటి పోర్టల్‌ (పరికరాలు దూర్చే రంధ్రం) యాంటిరోలాటరల్‌, అంటే తుంటికి ముందు-పక్క వైపు. స్పైనల్‌ సూది కీల్లోకి దిగి స్టైలెట్‌ (సూది లోపలి తీగ) తీయగానే గాలి లోపలికి పోయి సందు ఇంకాస్త తెరుచుకుంటుంది. అప్పుడు సూదిని వెనక్కి తీసి, తొడ ఎముక తలకు దగ్గరగా మళ్లీ దించండి. మొదటిసారి లేబ్రమ్‌ను గుచ్చి ఉండొచ్చు, ఆ దారినే కాన్యులా (పరికరాలు పోయే గొట్టం) పెడితే చేతులారా చింపినట్టవుతుంది. 70 డిగ్రీల స్కోపుతో చూస్తూ ముందువైపు మిడ్‌-యాంటీరియర్‌ పోర్టల్‌ వేయండి.

గిన్నె అంచును బర్‌తో (ఎముకను గీకే తిరిగే పరికరం) సన్నని రక్తపు చుక్కలు కనిపించేదాకా మాత్రమే గీకండి. అతకడానికి అది చాలు. యాంకర్‌ (కుట్టు దారాన్ని ఎముకకు పట్టి ఉంచే చిన్న మేకు) రంధ్రం వేసేటప్పుడు కళ్లు డ్రిల్‌ మీద కాదు, కీలు లోపలి మృదులాస్థి మీద ఉండాలి. అక్కడ కొద్దిగా ఉబ్బినా డ్రిల్‌ ఆపి కోణం మార్చండి. యాంకర్ల మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంచండి. లేబ్రమ్‌ వెడల్పుగా ఉంటే దాని అడుగు గుండా కుట్టు, సన్నగా ఉంటే చుట్టూ లూప్‌. ముడి ఎప్పుడూ క్యాప్సూల్‌ (కీలును చుట్టి ఉండే పొర) వైపే. మరీ బిగిస్తే అంచు బయటికి తిరగబడి తలను ఆనుకోదు.

ఇప్పుడు ట్రాక్షన్‌ వదిలి చూడండి. లేబ్రమ్‌ తలకు చుట్టూ అతుక్కుని కూర్చుందా? లేకపోతే కుట్టు మళ్లీ సరిచేయాల్సిందే, ఇందులో రాజీ వద్దు. తర్వాత తుంటిని మడిచి క్యామ్‌ బొడిపెను (లేబ్రమ్‌ను నలిపే తొడ ఎముక ఉబ్బు) చెక్కండి. తల-మెడ కలిసేచోట మందంలో 30 శాతం దాటి చెక్కితే ఎముక విరిగే ప్రమాదం ఉంది. పక్కనుంచి వచ్చే సైనోవియల్‌ (కీలు లోపలి పొర) మడతలో తలకు రక్తం తీసుకెళ్లే నాళాలుంటాయి, వాటి జోలికి పోవద్దు. చెక్కాక తుంటిని మడిచి, తిప్పి, ఎక్కడా తగలడం లేదని కళ్లారా చూసి క్యాప్సూల్‌ మూసేయండి.

ఆపరేషన్‌ జరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు పొట్ట తాకి చూస్తుండాలి. పొట్ట గట్టిపడి, బీపీ పడిపోతుంటే పంపు నీళ్లు కడుపులోకి దిగుతున్నాయేమోనని వెంటనే పంపు ఆపండి.

తర్వాత 2 నుంచి 4 వారాలు కర్రలతో, పాదం మీద కొద్ది బరువే వేయాలి. అక్కర్లేని చోట ఎముక పెరగకుండా నొప్పి మాత్రలు కొన్ని వారాలు ఇవ్వొచ్చు, కిడ్నీలు, కడుపు చూసుకుని. ఇంట్లో కిందకూర్చోవడం, బాసింపట్లు వేయడం మొదట్లో పూర్తిగా మానేయాలి. మొక్కుందని ఎవరైనా తొందరపెట్టినా, కనీసం నాలుగు నెలలు నిండి, ఒంటికాలి మీద నడుము వాలకుండా నిలబడగలిగేదాకా కొండ మెట్లకు ఒప్పుకోకండి.