బ్లెండర్ వాషరు కింద దాగిన వేరుశనగ

వేరుశనగ కలపని సాస్‌లో దాని ఆనవాళ్లు ఉన్నాయని పరీక్షలో తేలినప్పుడు, మా వంటశాలలో అందరూ ముడిసరుకునే అనుమానించారు. కారణం మాత్రం రెండు రకాల సాస్‌లకూ వాడుతున్న ఒకే బ్లెండర్‌లో ఉంది. జారు తళతళ మెరుస్తూనే ఉన్నా, బ్లేడు విప్పి చూస్తే రబ్బరు వాషరు గాడిలో పేరుకున్న జిడ్డు ముద్ద గోటికి అంటుకుంది. క్రిమిసంహారక ద్రావణం సూక్ష్మజీవులను చంపుతుందే గాని, అలర్జీ కలిగించే ప్రొటీనును తొలగించదు. వేడి తగిలితే అది నశిస్తుందన్న భరోసా కూడా లేదు.

అందువల్ల కడిగే వరుసను మార్చాను. బ్లేడు, వాషరు, మూత విడదీసి, మిగిలినదంతా గీకి తీసి, సబ్బునీటితో బ్రష్ పెట్టి రుద్ది, పారే నీటిలో కడిగిన తర్వాతే క్రిమిసంహారకం వాడాలి. ఆ బ్రష్ మరే పాత్రకూ తగలకూడదు. పగుళ్లు పట్టిన వాషర్లను, లోతుగా గాట్లు పడిన కటింగ్ బోర్డులను తీసివేయించాను, ఎందుకంటే వాటిని ఎంత రుద్దినా నమ్మలేము. తర్వాత వేరుశనగ ప్రొటీనును గుర్తించే, తుడిచి చూసే పుల్లలాంటి స్వాబ్‌తో బ్లేడు అడుగును పరీక్షించాము. వంటశాలల్లో సాధారణంగా చేసే ఏటీపీ (జీవకణాల్లో ఉండే ఒక పదార్థం) పరీక్ష మురికి ఉందో లేదో చెబుతుంది గాని, అది ఏ అలర్జీ కారకమో చెప్పదు.

ఫ్రయ్యర్‌కు ఈ పద్ధతి పనికిరాదు. నూనెను వడకట్టినా ప్రొటీను అందులో మిగిలిపోవచ్చు కనుక, వేరుశనగ లేని వంటకాలకు విడి ఫ్రయ్యరే మార్గం. రద్దీ వేళ బ్లేడు విప్పే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, వేరుశనగ లేని సాస్‌కు ఊదారంగు పట్టీ వేసిన ప్రత్యేక బ్లెండర్‌నే కేటాయించాను.