ఇంజిన్ విప్పకముందే రాయించవలసిన కాగితం: వారంటీలో ఉన్న కారు దారిలో ఆగినప్పుడు

వారంటీలో ఉన్న కారు ఇంజిన్ పోయినప్పుడు ఆ ఖర్చు కంపెనీ మీద పడుతుందా, మన మీద పడుతుందా అన్నది చాలాసార్లు బండి వర్క్‌షాప్ గేటు దాటిన రోజునే తేలిపోతుంది. బండిని చేర్చుకునేటప్పుడు వర్క్‌షాప్ రాసే జాబ్ కార్డు అనే కాగితం మీద ఆ రోజు ఏం రాశారు, మనం దేని కింద సంతకం చేశాం అన్నదాని మీదే తరువాత వారాల తరబడి వాదన నడుస్తుంది. హనుమకొండ, వరంగల్, కరీంనగర్, రామగుండం ప్రాంతాల్లో కారును ప్రాణంగా చూసుకునేవారు ఎందరో ఉన్నారు. టైర్ల గాలి దగ్గర నుండి ఇంజిన్ ఆయిల్ గ్రేడు వరకు అన్నీ తెలిసినవారు సైతం ఈ ఒక్క కాగితం దగ్గర ఏమరుపాటుగా ఉంటారు. నేనూ అలాగే ఉన్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

కొన్న రెండేళ్ల నాలుగు నెలలకు, 31,000 కిలోమీటర్లు తిరిగిన నా పెట్రోల్ టర్బో కారులో ఒక మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత హెచ్చరిక దీపం వెలిగింది. హైదరాబాద్ నుండి వస్తూ 163వ జాతీయ రహదారి మీద రఘునాథపల్లి దాటాను. నిమిషం తిరగకుండా బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. బానెట్ కింద నుండి ఇంజిన్‌ను చల్లబరిచే ఆకుపచ్చ ద్రవం, అంటే కూలెంట్, చుక్కలు చుక్కలుగా కాలిన తారు మీద పడి ఆవిరవుతోంది, మాడిన బెల్లం పాకం వంటి తీపి వాసన వస్తోంది. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆయన చెప్పింది ఒక్కటే: "అన్నా, మల్ల స్టార్ట్ చెయ్యకు, రేడియేటర్ మూత గూడ ఇప్పకు, ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యి." ఎందుకో తోచి డ్యాష్‌బోర్డును ఫోటో తీసుకున్నాను. అందులో వెలిగిన దీపం, తిరిగిన కిలోమీటర్లు చూపే ఓడోమీటర్ అంకె, గడియారం మూడూ పడ్డాయి.

టోయింగ్ బండి మీద వర్క్‌షాప్‌కు చేరేసరికి సాయంత్రమైంది. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు మీద "ఓవర్‌హీట్, ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు" అని రాసి, "సార్, ఇక్కడ సంతకం పెట్టండి, మిగతాది లోపల చూసుకుంటాం" అన్నాడు, నేను పెట్టాను. తొమ్మిదో రోజున ఫోన్ వచ్చింది. ఇంజిన్ పైమూత అయిన సిలిండర్ హెడ్ వంకర తిరిగిందని, దాని కింద అతుకు పొర అయిన హెడ్ గ్యాస్కెట్ కాలిపోయిందని, హెచ్చరిక వచ్చాక కూడా బండి నడపడం వల్లనే ఇలా జరిగింది కనుక వారంటీ వర్తించదని, ఎస్టిమేటు 1,86,000 రూపాయలని చెప్పారు. నేను వెంటనే ఆపానన్న మాట ఆ జాబ్ కార్డులో ఎక్కడా లేదు. చివరకు నన్ను కాపాడింది రోడ్డు పక్కన తీసిన ఆ ఫోటోయే. స్కానర్‌లో ఫాల్ట్ కోడ్, అంటే బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపం గుర్తు, పడినప్పటి ఓడోమీటర్ అంకె, నా ఫోటోలోని అంకె ఒక్కటే అయ్యాయి. కంపెనీ నుండి వచ్చిన టెక్నికల్ ఇంజినీర్ కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే భాగానికి తొడుగైన ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్‌లో వెంట్రుకవాసి పగులు చూపించాడు, క్లెయిము మంజూరైంది. బండి చేతికి రావడానికి 41 రోజులు పట్టింది. ఆ మొదటి సాయంత్రం జాబ్ కార్డు మీద రెండు వాక్యాలు ఎక్కువ రాయించి ఉంటే అందులో సగం రోజులు మిగిలేవని నా నమ్మకం.

దారిలో చేయవలసినది

ఉష్ణోగ్రత దీపం గాని, నూనె డబ్బా గుర్తుతో ఎర్రగా వెలిగే ఆయిల్ ప్రెషర్ దీపం గాని కనబడితే ఇంజిన్‌ను వెంటనే ఆపాలి, తరువాతి ఊరి వరకు పోదామన్న ఆలోచనే పెట్టుకోకూడదు. కూలెంట్ పూర్తిగా కారిపోయినప్పుడు ఉష్ణోగ్రత సెన్సర్ ద్రవంలో మునిగి ఉండదు కనుక అసలు వేడిని ఆలస్యంగా చూపిస్తుంది, అంటే మనకు దీపం కనబడే సమయానికే లోపల నష్టం మొదలై ఉండవచ్చు. ఆయిల్ ప్రెషర్ సంగతి ఇంకా తీవ్రమైనది, ఎందుకంటే ఇంజిన్ ఇరుసును మోసే క్రాంక్ బేరింగుల మీద నూనె పొర తెగిన కొద్ది క్షణాల్లోనే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. బండి ఆపాక డ్యాష్‌బోర్డు ఫోటో, కింద కారుతున్న ద్రవం ఫోటో తీసుకోండి. తరువాత రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి, వారిచ్చిన ఫిర్యాదు నంబరు, బండి ఎక్కించిన సమయం దాచుకోండి. దారిన పోయే మెకానిక్ ఎంత మంచివాడైనా వారంటీ బండి మీద స్పానర్ పెట్టనివ్వకూడదు. ఒక్క బోల్టు మీద కొత్త గీత కనబడినా "బయట విప్పారు" అనే మాట వస్తుంది.

నీటి విషయం వేరు. 2023 జూలైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ ప్రాంతాలు మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లను చూశాం. ఇంజిన్‌లోకి గాలి పోయే దారిన నీరు చేరితే, నీరు గాలిలాగా కుదించుకుపోదు కనుక, పైకి వచ్చే పిస్టన్ ఆ నీటిని ఢీకొని దానిని ఇరుసుకు కలిపే కడ్డీ, అంటే కనెక్టింగ్ రాడ్, వంగుతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయడమే ఇంజిన్‌ను చంపడం. ఇది వారంటీ కిందకు రాదు, బీమా కిందకు వస్తుంది. బీమాలో కూడా మామూలు పాలసీ తీసుకున్నవారికి ఇంజిన్ లోపలి నష్టం సాధారణంగా ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు ఉండాలి. వానాకాలానికి ముందే పాలసీ కాగితం తీసి ఆ పదం ఉందో లేదో చూసుకోండి.

జాబ్ కార్డు దగ్గర

ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ నిలబడటానికి సిగ్గుపడవద్దు. జాబ్ కార్డులో "కస్టమర్ వాయిస్" అనే గడి ఉంటుంది, అది మన మాట కోసమే ఉన్నది. అడ్వైజర్ తనకు అలవాటైన రెండు మాటలు కొట్టి ముగించకుండా, జరిగింది జరిగినట్టు మీరే చెప్పి రాయించండి: "ఫలానా తేదీ, ఫలానా సమయం, ఇన్ని కిలోమీటర్ల వద్ద హెచ్చరిక దీపం వెలిగింది, నిమిషంలోపు ఇంజిన్ ఆపాను, మళ్లీ స్టార్ట్ చేయలేదు, టోయింగ్ మీద తెచ్చాను." ఓడోమీటర్ అంకె తప్పకుండా ఉండాలి. ఆ తరువాత అడ్వైజర్ ఎదుటే డిప్‌స్టిక్ అనే నూనె కొలిచే కడ్డీ తీయించి, ఆయిల్ మట్టం ఎక్కడుందో, రంగు ఎలా ఉందో రాయించండి. మీ ఫోనుతోనూ ఫోటో తీసుకోండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కూలెంట్ కలిసిందని అర్థం. చుక్కను తెల్లకాగితం మీద రుద్ది ఎండలో పట్టుకుంటే సన్నని మెరుపు రేణువులు కనబడ్డాయంటే బేరింగు అరిగిందని అనుమానించాలి. రెండు రోజులయ్యాక ఆయిల్ పారబోసి ఉంటారు, అప్పుడు అడిగి లాభం లేదు.

అంతకన్నా ముఖ్యమైనది స్కానర్ నివేదిక. ఫాల్ట్ కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత, బండి వేగం ఎంతెంత ఉన్నాయో బండి కంప్యూటర్ అయిన కంట్రోల్ యూనిట్ నమోదు చేసుకుంటుంది, దానిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్లను చెరిపేస్తే అది కూడా పోతుంది. కాబట్టి చెరపకముందే ప్రింటు గాని, స్క్రీన్ ఫోటో గాని ఇవ్వమని అడిగి, అడిగినట్టు జాబ్ కార్డు మీద రాయించండి.

ఇంజిన్ విప్పడానికి అనుమతి అడుగుతారు, వారంటీ మంజూరు కాకపోతే విప్పిన కూలి మీరే ఇవ్వాలన్న షరతు ఆ ఫారంలో ఉంటుంది. ఆ షరతుకు ఒప్పుకోక తప్పని పరిస్థితి వస్తుంది, కాని సంతకం పక్కన మీ చేతిరాతతో "విప్పేటప్పుడు నన్ను పిలవాలి, ప్రతి దశ ఫోటోలు ఇవ్వాలి, విప్పిన భాగాలు నిర్ణయం వచ్చే వరకు భద్రపరచాలి" అని రాయడానికి ఎవరూ అడ్డు చెప్పలేరు. ఖాళీ గడులున్న ఫారం మీద సంతకం చేయవద్దు. సంతకం అయిన కాపీ చేతిలోకి రాకుండా గేటు దాటవద్దు.

కాదనడానికి చెప్పే కారణాలు

డీలరు చెప్పే కారణాలన్నీ అబద్ధాలు కావు, కొన్నింటికి మన అలవాట్లే చోటిస్తాయి. సర్వీసు గడువు "10,000 కిలోమీటర్లు లేదా 1 సంవత్సరం, ఏది ముందయితే అది" అని ఉన్నప్పుడు, ఏడాదికి 5,000 కూడా తిరగని బండిని కిలోమీటర్లు నిండలేదని రెండేళ్లు ఉంచేవారు మన దగ్గర చాలామంది. ఇంజిన్ క్లెయిములో మొదట చూసేది ఆయిల్ మార్చిన బిల్లులే. అమెరికాలో హ్యుందాయ్ సంస్థ 2015లో 2011, 2012 నమూనాల సొనాటా కార్లను దాదాపు 4,70,000 వెనక్కు పిలిచింది. క్రాంక్ షాఫ్ట్ నూనె దారుల్లో తయారీ సమయంలో మిగిలిన లోహపు రజను బేరింగులకు నూనె అందకుండా చేయడమే అందుకు కారణం. లోపం కర్మాగారంలోదే అయినా, బేరింగు పోయిన ఇంజిన్ బయటికి నూనె మార్చని ఇంజిన్‌లాగే కనబడుతుంది. ఆ తేడాను నిరూపించేది మన బిల్లు ఒక్కటే. అందుకని ప్రతి సర్వీసు బిల్లునూ స్కాన్ చేసి, వాడిన ఆయిల్ గ్రేడు అందులో ఉందో లేదో అక్కడే చూసుకోండి.

భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు లారీల దారుల్లో, కరీంనగర్ గ్రానైట్ క్వారీల చుట్టూ తిరిగే బండ్లకు ఓనర్స్ మాన్యువల్‌లో "తీవ్ర పరిస్థితులు" అనే వేరే పట్టిక వర్తిస్తుంది. దాని ప్రకారం ఎయిర్ ఫిల్టర్ తొందరగా మార్చాలి. దుమ్ము లోపలికి పోయిన ఇంజిన్ రింగులు అరిగి ఆయిల్ తాగుతుంది, అప్పుడు తప్పు మనదవుతుంది.

2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 డీజిల్ కార్లవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవడానికి బండి కొంతసేపు ఆగకుండా, ఒకే వేగంతో నడవాలి. హనుమకొండ చౌరస్తా నుండి వరంగల్ స్టేషన్ వరకు, మళ్లీ వెనక్కు, ఇంతే తిరిగే బండిలో ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. ఆ శుభ్రత కోసం చిమ్మిన డీజిల్ సిలిండరు గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద నూనె తగ్గవలసింది పోయి పెరుగుతూ ఉంటే అదే గుర్తు. వారానికి ఒకసారైనా జనగామ వైపు గాని, ములుగు వైపు గాని హైవే మీద అరగంట నడపడం, ఆయిల్ పెరిగితే వెంటనే మార్పించడం మంచి మార్గం.

కాదన్నప్పుడు

నోటి మాటతో "వర్తించదు" అంటే ఒప్పుకోవద్దు. ఏ షరతు ప్రకారం వర్తించదో, ఏ భాగంలో ఏ లోపం చూశారో ఈమెయిల్‌లో రాసి ఇవ్వమనండి. అదే ఈమెయిల్‌ను కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపి, కంపెనీ టెక్నికల్ ఇంజినీర్ స్వయంగా వచ్చి చూడాలని కోరండి. డీలరు వేరు, తయారీదారు వేరు. మంజూరు చేసేది తయారీదారు కనుక గొంతు పెంచి అడ్వైజర్ మీద అరిచి ప్రయోజనం లేదు, ఆ యువకుడి చేతిలో అధికారం ఉండదు. ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జూలై 20 నుండి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, కారును హైదరాబాద్‌లో కొన్నా సరే, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. రుసుము కూడా చెల్లించిన ధరను బట్టి ఉంటుంది: 5 లక్షల వరకు ఏమీ లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. వివాదం మొదలైన నాటి నుండి రెండేళ్లలోపు వేయాలి. తయారీ లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే కమిషన్ తగిన ప్రయోగశాలకు పంపుతుంది, ఆ ఖర్చును ముందు ఫిర్యాదుదారునే జమ చేయమనవచ్చు. డీలరునూ తయారీదారునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకుంటే ఒకరు రెండో వారి మీదకు నెట్టి తప్పించుకుంటారు. అడిగేది కూడా కొలత ప్రకారం అడగాలి. 2006లో ఒక కారు క్లచ్ వ్యవహారంలో సుప్రీంకోర్టు, వారంటీ అంటే చెడిన భాగాన్ని మార్చడమే కాని బండి మొత్తం మార్చడం కాదని చెప్పింది. కాబట్టి కొత్త కారు ఒక్కటే అడిగి కూర్చోకుండా, ఉచిత మరమ్మతు, బండి లేని రోజుల ఖర్చు, పడిన ఇబ్బందికి పరిహారం వేరువేరుగా రాయండి.

బండి తిరిగి తీసుకునేటప్పుడు

పని పూర్తయ్యాక సున్నా రూపాయల బిల్లు అయినా సరే, మార్చిన ప్రతి భాగం పేరు, నంబరు ఉన్న ఇన్వాయిస్ తీసుకోండి. రేపు అదే లోపం తిరగబెడితే, వారంటీ ముగిసిన తరువాత కూడా, ఇది పాత లోపమేనని చెప్పడానికి అదే ఆధారం. ఇంజిన్ బ్లాకు మార్చి ఉంటే ఇంజిన్ నంబరు మారుతుంది. డీలరు నుండి లేఖ, ఇన్వాయిస్ తీసుకుని ఆర్టీఏ కార్యాలయంలో ఆర్సీ మీద, ఆ తరువాత బీమా పాలసీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. నంబరు కలవని బండికి రేపు ప్రమాదం జరిగినా, అమ్మబోయినా చిక్కు తప్పదు. అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కనీసం పది కిలోమీటర్లు నడిపి చూడండి. ఇంటికి వచ్చాక మొదటి వారం రోజూ ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ ట్యాంకు మీది గీతను, డిప్‌స్టిక్ మట్టాన్ని ఫోటో తీసి తేదీతో ఉంచుకోండి. గీత ఒక్క వెంట్రుకవాసి తగ్గినా అదే రోజు, అదే జాబ్ కార్డు నంబరు చెప్పి బండిని తిరిగి అప్పగించండి.