కీళ్లవాతం మాత్ర వాడుతున్నారా? రెటీనాను ఇలా కాపాడుకోండి

కీళ్లవాతానికో, లూపస్‌కో (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు) హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడేవాళ్లలో కొందరు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపించుకుంటారు. చిత్తూరు వైపువాళ్లు వేలూరు సీఎంసీకి వెళ్లి చీటీ రాయించుకుని వస్తారు. ఆ తర్వాత నెలనెలా మాత్రలు కొనేది ఊళ్లో మందుల షాపులోనే. అదే చీటీ మీద ఏళ్లు గడిచిపోతాయి, కళ్ల మాట ఎవరికీ గుర్తుకు రాదు. ఇది మంచి మందు, భయపడి మానేయాల్సింది కాదు. లెక్క తప్పకుండా వాడాల్సింది.

కంటికీ దీనికీ సంబంధం ఏమిటంటే, కంటి వెనక పొరైన రెటీనాలో వెలుతురును పట్టే కణాలు రోజూ తమ కొసలను రాల్చుకుంటాయి. ఒక్కో కణం రోజుకు రాల్చేది తన వెలుతురు పట్టే భాగంలో సుమారు పదో వంతు. రాలినదాన్ని వెనకే ఉన్న ఆర్‌పీఈ అనే నల్లని కణాల పొర మింగి, లైసోజోమ్ అనే ఆమ్లపు సంచిలో అరిగించుకుంటుంది. తనలో పాడైన భాగాలనూ ఆటోఫజీ (కణం తన చెత్తను తానే అరిగించుకునే పద్ధతి) ద్వారా అదే సంచికి పంపుతుంది. ఈ పొరలోని కణాలు మళ్లీ పుట్టవు కాబట్టి, అరగని చెత్త అక్కడే పేరుకుంటుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ క్షార గుణం ఉన్న మందు. లైసోజోమ్‌లోకి చేరి అక్కడే చిక్కుకుపోయి, ఆమ్లాన్ని తగ్గిస్తుంది. దాంతో చెత్తను మోసుకొచ్చిన తిత్తి లైసోజోమ్‌తో సరిగా కలవలేకపోతుంది. పైగా ఈ మందు మెలనిన్ అనే నల్లని రంగుకు అతుక్కుంటుంది, ఆర్‌పీఈ నిండా ఉండేది మెలనినే.

మొదట మోతాదు చూసుకోండి. రోజుకు, ఒంటి బరువులో కిలోకు 5 మి.గ్రా. దాటకూడదు. ఎత్తును బట్టి ఉండాల్సిన బరువు కాదు, ఇవాళ తూకంలో చూపించిన బరువే లెక్క. 60 కిలోలైతే 300 మి.గ్రా. 48 కిలోలైతే 240 మాత్రమే. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ బక్కపలచనివాళ్ల దగ్గరే: రోజుకు 400 అంటే వాళ్లకు కిలోకు 8 మి.గ్రా. పైనే పడుతుంది. మాత్రను విరవకుండా వారం లెక్కలో సర్దవచ్చు. 48 కిలోలవారికి వారానికి 1680 మి.గ్రా. హద్దు. 200 మాత్రలు ఎనిమిది వేసుకుంటే 1600 అవుతుంది, అంటే ఆరు రోజులు ఒక్కొక్కటి, ఒక రోజు రెండు. ఈ మార్పు మీ డాక్టరు చేత చీటీ మీద రాయించుకున్నాకే మొదలుపెట్టండి. షాపులో కంపెనీ మార్చి ఇచ్చినప్పుడు అట్ట మీద 200 ఉందా, 300 ఉందా, 400 ఉందా అని చదవండి. బరువు తగ్గితే లెక్క మళ్లీ వేయించుకోవాలి.

కిడ్నీలు మందగిస్తే మందు ఒంట్లో నిలిచిపోతుంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏటా క్రియాటినిన్ అనే కిడ్నీ రక్తపరీక్ష చేయించుకోవాలి. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 60 కంటే తగ్గితే ఆ కాగితం డాక్టరుకు తప్పక చూపండి. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

మోతాదు సరిగా ఉంటే మొదటి ఐదేళ్లలో దెబ్బ తినే అవకాశం 1 శాతం లోపు, పదేళ్లకు 2 శాతం లోపు. ఇరవై ఏళ్లకు దాదాపు 20 శాతం. అందుకే మందు మొదలైన ఏడాదిలోపు ఒకసారి, ఐదేళ్లు నిండాక ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు లాంటివి ఉన్నవాళ్లు ఐదేళ్లు ఆగకూడదు.

తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రికి వెళ్లినా మరెక్కడికి వెళ్లినా, ముందే మందు పేరు, రోజు మోతాదు, ఎన్నేళ్లుగా వాడుతున్నదీ చెప్పండి. చెప్పకపోతే అద్దాల నంబరు చూసి పంపేస్తారు. అడగాల్సినవి రెండు: ఓసీటీ స్కాను (రెటీనా పొరలను చూపేది), 10-2 విజువల్ ఫీల్డ్ (చూపు నడిమి భాగాన్ని కొలిచే పరీక్ష). ఆసియా జాతులవారిలో దెబ్బ తరచుగా నడిమధ్యకు కాస్త దూరంగా మొదలవుతుంది, 10-2 అంత దూరం చూడదు. కాబట్టి ఇంకా వెడల్పుగా చూసే 24-2 లేదా 30-2 ఫీల్డ్ కూడా చేయమనండి. స్కానును కూడా వెడల్పుగా తీయమనండి.

ఫీల్డ్ పరీక్ష పాడయ్యేది ఎక్కువగా అలసట వల్లే. తెల్లవారుజామున బస్సెక్కి, ఖాళీ కడుపుతో మధ్యాహ్నం దాకా వరుసలో కూర్చుని చేస్తే మచ్చలు లేనిచోట మచ్చలొస్తాయి. నడిమి చుక్క మీద నుంచి చూపు తిప్పకండి, వెలుతురు కనిపించినప్పుడే మీట నొక్కండి. ఫలితం తేడాగా వస్తే కంగారు వద్దు, ఇంకో రోజు మళ్లీ చేయించండి. కంటిలో చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఆ రోజు బండి నడపొద్దు.

చూపు బాగానే ఉందిగా అని పరీక్ష మానేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తొలి దశలో అక్షరాలన్నీ చదవగలుగుతారు. రెటీనా నడిమి భాగమైన మాక్యులా చుట్టూ ఉంగరంలా మచ్చ కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది, పోయిన చూపు తిరిగి రాదు.

ఉపవాసంతో ఆటోఫజీ పెరిగి కళ్లు బాగవుతాయని వీడియోల్లో చెబుతున్నారు. మందు అడ్డుకునేది చివరి మెట్టైన లైసోజోమ్‌ను, ఉపవాసం ఆ అడ్డు తీయదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఉండొచ్చు, మాత్ర మాత్రం భోజనం చేసేటప్పుడే వేసుకోండి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం రావచ్చు.

రెండు పరీక్షల్లోనూ ఒకేచోట తేడా కనిపిస్తే, ఆ కాగితాలతో కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆపాలా, మార్చాలా అన్నది ఆయన్నే తేల్చనివ్వండి. సొంతంగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఆపినా మందు ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది, ఈలోగా దెబ్బ ముదరవచ్చు. అందుకని ఆపిన తర్వాత కూడా కంటి డాక్టరు చెప్పిన తేదీకి స్కాను చేయించుకోవాలి.