చెక్క మీద గీత పక్కకు పోతోందా? కొత్త కత్తి కొనేముందు ఇది చూడండి

"అన్నా, ఈ గీత కత్తి పనికిరాదు, ఖరీదైంది ఏదైనా చెప్పు." ఒంగోలులో మా వడ్రంగి షెడ్డుకి వచ్చే పిల్లకాయలు తరచూ అడిగే మాట. గీత కత్తి అంటే కోయాల్సిన చోట చెక్క మీద గీత పెట్టే కత్తి. చూస్తే కత్తి బాగానే ఉంటుంది.

సమస్య: మూలమట్టం (మూల సరిచూసే L ఆకారపు పనిముట్టు) ఆనించి గీసి, గీత మీదే కోసినా కుసి (ఇంకో చెక్క తొలిలో దూరే కొస) మొదట్లో ఒకపక్క సందు కనపడుతోంది.

ముందు మూలమట్టం చూడండి. చిత్రిక పట్టిన అంచుకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని తిరగేసి అదే చుక్క నుంచి ఇంకోటి గీయండి. రెండూ విడిపోతే తప్పు కత్తిది కాదు. కనపడే తేడాలో సగం మూలమట్టానిది. అర నిమిషం పని, అయినా ఒక్కరూ చెయ్యరు!

అది సరిగ్గా ఉంటే కత్తి సంగతి. కాగితాలు కోసే కట్టరు పదునుకి రెండువైపులా నూరిన వాలు ఉంటుంది, బ్లేడు వంగుతుంది, చెక్క పీచు వెంట పోతుంది. ఒకవైపే వాలు, రెండోవైపు చదును ఉన్నది కావాలి. చదును మూలమట్టానికి ఆనాలి. మొదటి గీత తేలిగ్గా, తర్వాతే లోతుగా.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గీత తప్పుతుంటే ఆ చదును వైపే అనుమానించండి. దీనివల్ల నేను రెండు టేకు కిటికీ రెక్కలు పాడుచేసుకున్నాను. వాలు నూరినప్పుడు వెనక, అంటే చదును వైపు, సన్నటి పొర లేస్తుంది కదా, అది తీయడానికి కత్తిని కొంచెం ఎత్తి రాయి మీద లాగేవాణ్ణి. అలా లాగీ లాగీ కొన దగ్గర వెనకవైపు కూడా సన్నటి వాలు పడింది. కంటికి కనపడదు. పదును మాత్రం మూలమట్టం నుంచి వెంట్రుకవాసి దూరంగా నిలబడుతుంది. సర్దుదామని చెయ్యి వంచితే, వంచినప్పుడల్లా గీత ఒక్కో చోట పడుతుంది. మూడు నెలలు మూలమట్టాన్నే తిట్టుకున్నాను.

కనిపెట్టడం తేలిక. చదును వైపు మార్కరు పెన్నుతో నల్లగా పూయండి. నున్నటి గ్రానైటు ముక్క మీద 400 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) తడిపి పరిచి, కత్తిని పూర్తిగా పడుకోబెట్టి రెండుసార్లు రుద్దండి. కొన దగ్గర సిరా మిగిలితే దొంగ దొరికినట్టే. చీమకుర్తి పక్కనే ఉంది, మన దగ్గర గ్రానైటు ముక్క లేని ఇల్లు ఉంటుందా! కొన మీద వేలితో నొక్కుతూ సిరా పోయేదాకా రుద్దండి. ఆ తర్వాతే వాలు నూరండి. పొర తీయాలన్నా వెనకవైపు పడుకోబెట్టే లాగండి, ఎత్తొద్దు.

పదును నిలవకపోతే చాలావరకు చేతి హాక్సా (ఇనుము కోసే రంపం) బ్లేడుతో చేసిన కత్తి అయ్యుంటుంది. వాటిలో చాలా రకాలకు పళ్లు మాత్రమే గట్టి, మిగతాది మెత్తన. లేత్ షాపులో అరిగిపోయిన పవర్ హాక్సా (మోటారుతో నడిచేది) బ్లేడు ముక్క అడిగి నూరుకోండి, కొన్నదానికి తీసిపోదు.

ఎడమచేతి వాటం వాళ్లకు వాలు రెండోవైపు ఉండాలి. చెక్క పచ్చిదైతే ఆరనివ్వండి.