వంటింటి వస్తువులతో ఫోన్ ఫోటోగ్రఫీ సాధన చేయడం ఎలా?

గండికోట లోయ అంచున నిలబడితే ఏ ఫోనుతో తీసినా ఫోటో ఎంతో కొంత బాగానే వస్తుంది, ఎందుకంటే సగం పని ఆ చోటే చేసిపెడుతుంది. అదే ఒక ఇత్తడి చెంబును చూడదగ్గ బొమ్మగా తీయాలంటే, వెలుగు ఎటు నుంచి పడుతున్నదో, నీడ ఎటు సాగుతున్నదో గమనించక తప్పదు. ఆ గమనింపు అలవడడానికి వంటింటిని మించిన చోటు లేదు.

ముందుగా ఫోను లెన్సును శుభ్రమైన నూలు గుడ్డతో తుడవాలి. వంటింట్లో తిరిగే ఫోనుకు నూనె చేతి మరకలు అంటుకుని ఉంటాయి, వాటివల్లే వెలుగు చెదిరి ఫోటో మసకబారుతుంది. ఫ్లాష్ ఆపివేసి, కెమెరా సెట్టింగులలో గ్రిడ్ గీతలను, అంటే తెరను గళ్ళుగా విడగొట్టే గీతలను, కనిపించేలా పెట్టుకోవాలి.

తరువాత ఒకే ఒక్క వస్తువును ఎంచుకుని కిటికీ పక్కన పెట్టి, గదిలోని దీపాలన్నీ ఆర్పివేయాలి. పగటి వెలుగు, పసుపు బల్బు వెలుగు కలిస్తే ఒకవైపు నీలంగా, మరొకవైపు పసుపుగా కనబడి రంగులు తేలవు. కడప, అనంతపురం ప్రాంతాలలో వెలుగుకు కొరత లేదు, ఉన్న చిక్కంతా అది మరీ తీవ్రంగా ఉండడమే. ఏప్రిల్ నెలాఖరులోనూ ఆగస్టు నడుమనూ ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కనుక ఆరుబయట పెట్టిన వస్తువు నీడ దాని కిందనే ముడుచుకుపోతుంది. అందువల్ల ఉదయం తొమ్మిది లోపల గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ తీయడం మంచిది. డిసెంబరులో మాత్రం దక్షిణపు వాకిలి ఉన్న ఇళ్ళలోకి మధ్యాహ్నపు ఎండ కూడా ఏటవాలుగా వస్తుంది, దానిని వదులుకోకూడదు. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి పాత తెల్ల పంచెను అడ్డం కడితే వెలుగు మెత్తబడుతుంది. నీడ మరీ నల్లగా ఉన్న వైపు ఒక థర్మోకోల్ అట్టనో, తెల్ల కాగితాన్నో నిలబెట్టాలి. ఇప్పుడు చెంబును కదపకుండా, దాని చుట్టూ తిరుగుతూ వెలుగు పక్క నుంచి, ఎదుటి నుంచి, వెనుక నుంచి పడేలా ఒక్కో ఫోటో తీసి పోల్చి చూడాలి. పక్క వెలుగులో చెంబు గుండ్రదనం తేలుతుంది, ఎదుటి వెలుగులో అది చదునైపోతుంది.

ఫోను దేనినైనా మధ్యస్థపు వెలుగులోకి తేవాలనే చూస్తుంది కాబట్టి తెల్లని ముగ్గుపిండి బూడిదరంగుకు దిగుతుంది, నల్లని బండ వెలిసిపోయినట్టు కనబడుతుంది. తెర మీద వస్తువుపై వేలు కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్, వెలుగు రెండూ అక్కడే నిలుస్తాయి. ఆపైన అక్కడ కనబడే సూర్యుడి గుర్తును తెల్లని వస్తువుకైతే పైకి, నల్లని దానికైతే కిందికి జరపాలి. ఎండుమిరపకాయలకైతే కొంచెం కిందికే జరపాలి, లేకపోతే ఎరుపు అంతా ఒక ముద్దై తొడిమల ముడతలు కూడా మాయమవుతాయి.

మన ఇళ్ళలో ఉన్న అసలైన స్టూడియో కడప నల్లబండ. నున్నగా పాలిష్ చేసిన వంటగట్టును తడిగుడ్డతో తుడిచి, దాని మీద కొన్ని చెనక్కాయలు పోసి, ఫోనును తలకిందులుగా తిప్పి లెన్సు బండకు దాదాపు తాకేంత కిందికి దించండి. చూపు ఎంత ఏటవాలుగా ఉంటే బండ అంత ఎక్కువగా ప్రతిబింబిస్తుంది కనుక, పై నుంచి చూస్తే ఏమీ లేని చోట ఒక్కసారిగా రెండో కుప్ప పుట్టుకొస్తుంది. చాలా ఫోన్ల ప్రధాన కెమెరా బెత్తెడు కంటే దగ్గరికి వెళితే ఫోకస్ పట్టదు. అప్పుడు కాస్త వెనక్కి జరిగి తీసి, తరువాత కత్తిరించుకోవచ్చు. మెరిసే పాత్రలలో తీసేవారి బొమ్మే కనబడుతుంది, కాబట్టి ముదురు రంగు బట్టలు వేసుకుని, దూరం నుంచి రెండింతల జూమ్‌తో తీయాలి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు అందం వెనుక వెలుగు వల్లనే వస్తుంది. పలచని తోలు గుండా దీపకాంతి వచ్చినప్పుడే ఆ రంగులు పలుకుతాయి. ఇదే సూత్రంతో ఉల్లిపొరనో, టమోటా చక్రాన్నో కిటికీ అద్దానికి అంటించి, వెలుగు అవతలి నుంచి వచ్చేలా తీస్తే లోపలి ఈనెలన్నీ కనబడతాయి. ఫోకస్ సరిగ్గా ఆ ఈనెల మీదే ఉండాలి.

జల్లెడను ఎండలో గోడకు నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుంటే నీడ చుక్కలు పదునుగా పడతాయి, దూరం జరిపేకొద్దీ అంచులు కరిగిపోతాయి. గాజు పళ్ళెంలో నీళ్ళు పోసి నాలుగు చుక్కల నూనె వేసి, దానిని రెండు గ్లాసుల మీద ఎత్తి పెట్టి, కింద ధర్మవరం పట్టుచీర చెంగు పరిచి పై నుంచి తీస్తే ఇంకో రకం బొమ్మ వస్తుంది. చీర ఎవరిదో వారిని ముందే అడగడం క్షేమం.

రాత్రి పూట తీసేటప్పుడు కొన్ని ఎల్‌ఈడీ బల్బుల కింద తెర మీద అడ్డచారలు కదులుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో అలాంటి బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఫోనులో ప్రో మోడ్, అంటే కెమెరా అమరికలను మనమే మార్చుకునే వీలు, ఉంటే షట్టరును, అంటే వెలుగును లోపలికి తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెడితే చారలు పోతాయి. ఫోను కదలకుండా బియ్యం డబ్బాకు ఆనించి, మూడు సెకన్ల టైమరు పెట్టుకోవాలి.