సేవ్ కొట్టినా సీఎస్ఎస్ మారట్లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

బటన్ రంగు నీలం నుంచి ఆకుపచ్చకి మార్చి సేవ్ కొడతాం, బ్రౌజర్లో ఇంకా నీలమే, రిఫ్రెష్ చేసినా నీలమే, చివరికి ఓపిక పోయి ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ పెట్టి కూర్చుంటాం. దయచేసి ఆ పని మొదట్లోనే చేయకండి, దానివల్ల ఇలాంటి సమస్య తీరడం నేను చాలా తక్కువ చూశాను. నేను రైల్స్ (రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) లెక్కన చెప్తున్నా గానీ సీఎస్ఎస్ తయారుచేసే సాస్, టెయిల్‌విండ్ లాంటి టూల్స్ వాడే వేరే ప్రాజెక్టులకీ చాలావరకు ఇదే పనికొస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. స్టైల్ ఫైల్లో కావాలనే ఒక బ్రాకెట్ తీసేసి సేవ్ చేసి టెర్మినల్ చూడండి. ఎర్రర్ వస్తే వాచర్, అంటే ఫైల్ మారగానే సీఎస్ఎస్‌ని మళ్ళీ కంపైల్ చేసే ప్రోగ్రామ్, బతికే ఉంది, తేడా ఆ తర్వాత ఎక్కడో ఉంది. ఉలుకూ పలుకూ లేదంటే మీ మార్పు వాచర్ దాకా చేరనేలేదు. బ్రాకెట్ మళ్ళీ పెట్టేయడం మర్చిపోకండి.

సమస్య: టెర్మినల్లో కదలికే లేదు

చాలాసార్లు కారణం సింపుల్, రైల్స్ సర్వర్ ఒక్కటే స్టార్ట్ చేసి ఉంటారు. అది పేజీలు ఇస్తుంది, సీఎస్ఎస్ కంపైల్ చేసే వాచర్ మాత్రం వేరే ప్రాసెస్. బిన్ ఫోల్డర్లో ఉన్న డెవ్ స్క్రిప్ట్‌తో మొదలుపెడితే ప్రాక్‌ఫైల్ డాట్ డెవ్‌లో రాసినవన్నీ కలిసి లేస్తాయి.

అది సరిగ్గానే ఉంటే, విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ 2 వాడేవాళ్ళు ప్రాజెక్ట్ ఎక్కడ పెట్టారో చూసుకోండి. సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ వైపు నుంచి నడుపుతుంటే, విండోస్‌లో ఫైల్ మారిన కబురు లినక్స్ వాచర్‌కి అందదు. ప్రాజెక్ట్‌ని లినక్స్ హోమ్ ఫోల్డర్లోకి మార్చేయడమే అసలైన మందు, స్పీడ్ కూడా బాగా తేడా తెలుస్తుంది. మార్చడం కుదరకపోతే పోలింగ్ పెట్టండి, సాస్‌కి పోల్ అనే ఫ్లాగే ఉంది, కాకపోతే ఫైళ్ళని అదేపనిగా తిరిగి తిరిగి చూస్తుంది కాబట్టి సీపీయూ తింటుంది.

లినక్స్‌లో ఫైల్ వాచర్స్ లిమిట్ దాటిందని, ఈఎన్ఓఎస్‌పీసీ అని ఎర్రర్ వస్తే డిస్క్ నిండిందేమో అని కంగారుపడి ఫైళ్ళు తుడవకండి, డిస్క్‌కి ఏం కాలేదు. 5.11 కంటే పాత కెర్నల్స్‌లో ఒక యూజర్‌కి డిఫాల్ట్‌గా 8192 వాచ్‌లే (ఒక ఫైల్ లేదా ఫోల్డర్ మీద పెట్టే నిఘా) ఉంటాయి, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మీద కన్నేస్తే అవి చిటికెలో అయిపోతాయి. ఐనోటిఫై మాక్స్ యూజర్ వాచెస్ అనే సెట్టింగ్‌ని 524288 చేయండి, దాంతోపాటు నోడ్ మాడ్యూల్స్‌ని వాచ్ లిస్టులోంచి తీసేయండి.

సమస్య: స్టార్ట్ అవగానే అన్నీ ఆగిపోతున్నాయి

ప్రాజెక్ట్‌ని కంటైనర్లో నడిపే డాకర్‌లో ఇది ఎక్కువ కనిపిస్తుంది. స్టాండర్డ్ ఇన్‌పుట్ మూసుకుపోతే టెయిల్‌విండ్ వాచర్ తన పని అయిపోయిందనుకుని మర్యాదగా బయటికెళ్ళిపోతుంది, ఒకటి ఆగింది కదా అని డెవ్ స్క్రిప్ట్ వెనకాల అన్నిటినీ కలిపి నడిపే ఫోర్‌మన్ మిగతావాటినీ ఆపేస్తుంది, మనకేమో సర్వరే పడిపోయినట్టు కనబడుతుంది. వాచ్ ఫ్లాగ్‌కి ఆల్వేస్ అని విలువ ఇస్తే నిలబడుతుంది.

సమస్య: కంపైల్ అయింది అంటోంది, బ్రౌజర్లో మాత్రం పాతదే

నాకు ఒక పూట మొత్తం పోయింది దీనికే. ఎప్పుడో ప్రొడక్షన్ ఎలా ఉంటుందో చూద్దామని నా మెషీన్‌లో అసెట్స్ (సీఎస్ఎస్, బొమ్మల్లాంటి ఫైళ్ళు) ప్రీకంపైల్ చేసి, అంటే ముందే తయారుచేసి పెట్టి వదిలేశాను, ఆ ఫైళ్ళు పబ్లిక్ కింద అసెట్స్ ఫోల్డర్లో అలాగే ఉండిపోయాయి. రైల్స్‌లో ఈ ఫైళ్ళని అందించే ప్రాప్‌షాఫ్ట్‌కి అక్కడ వాటి జాబితా ఉండే మానిఫెస్ట్ ఫైల్ కనబడితే డెవలప్‌మెంట్‌లో కూడా ఆ పాత ఫైళ్ళనే ఇస్తుంది, మనం ఎంత కొత్తగా కంపైల్ చేసినా దండగే. వాటిని తుడిచేసే రైల్స్ అసెట్స్ క్లాబర్ కమాండ్ కొట్టి సర్వర్ రీస్టార్ట్ చేయండి. ఇకమీదట ప్రీకంపైల్ చేసి చూసిన ప్రతిసారీ వెంటనే క్లాబర్ కూడా కొట్టేయండి.

అదీ కాకపోతే డెవ్‌టూల్స్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిసేబుల్ క్యాష్ టిక్ పెట్టి చూడండి.

సమస్య: మిగతావన్నీ వస్తున్నాయి, ఒక్క క్లాస్ రావట్లేదు

టెయిల్‌విండ్ మీ కోడ్‌ని రన్ చేయదు, ఉత్త టెక్స్ట్‌లా చదువుతుంది. బ్యాక్‌గ్రౌండ్ రంగుకి వాడే బీజీ అని రాసి రంగు పేరు వేరియబుల్ నుంచి తెచ్చి అతికిస్తే పూర్తి క్లాస్ పేరు దానికి ఎక్కడా కనబడదు, ఆ సీఎస్ఎస్ తయారే అవ్వదు. ఒక హాష్ పెట్టుకుని ప్రతి రంగుకీ పూర్తి క్లాస్ పేరు రాసేయండి, సేవ్ చేసిన వెంటనే వచ్చేస్తుంది.